చెడింది సామానా, అతుకా?

టాపు విప్పే కారు అనగానే సినిమాల్లో సముద్రపు ఒడ్డున పోయే విదేశీ కారే గుర్తుకు రానక్కర్లేదు. చిలుకూరు మండలంలోనూ, ఇటు కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పల్లెల్లోనూ అలాంటి బండి ఎప్పటినుంచో ఉంది. దాని పేరు జీపు. ఇనుప కమ్మీల మీద పరిచిన గుడ్డ టాపు, పక్కలకు బటన్లతో బిగించే పరదాలు, కావాలంటే వంచి బానెట్ మీద పడుకోబెట్టే ముందు అద్దం, ఇవన్నీ దాని పుట్టుకతో వచ్చినవే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారు చేసిన బండి అది. 1940ల చివర మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన డీజిల్ ఎంఎం 540, కమాండర్ లాంటివి ఆ వంశంలోవే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాల గట్లమీద ఇప్పటికీ తిరుగుతున్న పాత జీపులు కొన్ని ముప్పై నలభై ఏళ్ల వయసున్నవి. ఇలాంటి బండిని సొంతంగా బాగు చేసుకోవాలనుకునే వారికి ఈ వ్యాసం చెప్పదలచింది ఒకటే. ఇందులో తరచుగా చెడేది సామాను కాదు, రెండు సామాన్లను కలిపే అతుకు. అందుకే వెతుకులాట అతుకు దగ్గరే మొదలుపెట్టాలి.

అతుకు అంటే ఇక్కడ వెల్డింగు ఒక్కటే కాదు. బ్యాటరీ గుబ్బకూ దాని క్లాంపుకూ మధ్య ఉన్న తాకిడి ఒక అతుకు. డీజిల్ పైపును ఫిల్టరుకు బిగించే బోల్టు కింది రాగి వాషరు ఒక అతుకు. రేడియేటర్ మూత కింది రబ్బరు ఒకటి, గుడ్డ టాపు కుట్టు మరొకటి. సామాను ఉక్కుతోనో పోత ఇనుముతోనో చేస్తారు కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. అతుకులో రెండు వేర్వేరు పదార్థాలు కలుస్తాయి. ఒకటి వేడికి ఎక్కువ వ్యాకోచిస్తే ఇంకొకటి తక్కువ. ఒకటి కదిలితే ఇంకొకటి కదలదు. ఆ సందులోకే నీరూ దుమ్మూ చేరతాయి. కప్పు గట్టిగా మూసి ఉన్న కారుకు ఈ బాధ కొంత తక్కువ. టాపు లేని బండికి వాన, ఎండ, దుమ్ము నేరుగా డాష్‌బోర్డు వెనక్కి, సీట్ల కిందికి, తీగల కట్టల్లోకి వెళ్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యే ఫిర్యాదు చూద్దాం. తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు, ఇంజను తిరగదు. లేదా బరువెత్తిన మనిషిలా మూలుగుతూ రెండు సార్లు తిరిగి ఆగుతుంది. వెంటనే వచ్చే తీర్పు ‘బ్యాటరీ పోయింది’ అని, కాకపోతే ‘సెల్ఫ్ మోటారు పోయింది’ అని. జీపులో కరెంటు నడిచే దారి ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ తీర్పులో తొందరపాటు తెలుస్తుంది. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబులు గుండా సెల్ఫ్ మోటారుకు వెళ్లిన కరెంటు మళ్లీ బ్యాటరీ మైనస్‌కు చేరాలి. తిరుగు దారిలో చాలావరకు తీగ ఉండదు, ఇంజను ఇనుము, చాసిస్ ఇనుము ఆ పని చేస్తాయి. కాని ఇంజను కూర్చున్నది రబ్బరు దిమ్మల మీద. బాడీని చాసిస్ మీద బిగించినదీ రబ్బరు దిమ్మల మీదే. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి పెడతారు. మన మేస్త్రీలు దాన్ని ఎర్త్ పట్టీ అంటారు. ఆ చిన్న పట్టీ మీదే సెల్ఫ్ మోటారు బతుకు ఆధారపడి ఉంది.

ఇప్పుడు పదో తరగతిలో చదువుకున్న ఓమ్ సూత్రం చేతికి తీసుకుందాం. డీజిల్ ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్ల కరెంటు లాగుతుందనుకోండి. ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు చేరి అక్కడ 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. ఓమ్‌లో నూరో వంతు, మామూలు మీటరు సరిగా చూపించలేనంత చిన్నది. రెంటినీ గుణిస్తే 2 వోల్టులు. తిరిగేటప్పుడు పదిన్నర వోల్టులు దొరకాల్సిన మోటారుకు ఎనిమిదిన్నరే దొరుకుతాయి. పోయిన ఆ 2 వోల్టులూ 200 ఆంపియర్లూ కలిసి 400 వాట్ల వేడిగా ఆ బోల్టు దగ్గరే రగులుతాయి. రెండు మూడు సార్లు తాళం తిప్పాక అతుకు మీద జాగ్రత్తగా చేయి పెడితే వేడి తెలుస్తుంది. పట్టీ పూర్తిగా తెగిపోతే ఇంకో వింత జరుగుతుంది. కరెంటు తిరుగు దారి కోసం ఎక్సలరేటర్ కేబులునో స్పీడోమీటర్ కేబులునో పట్టుకుంటుంది. సన్నని ఆ కేబులు కాలి, లోపలి ప్లాస్టిక్ కరిగి బిగుసుకుపోతుంది. యజమాని కేబులు మార్పిస్తాడు. కొన్నాళ్లకు అదీ పోతుంది. అసలు తప్పు చేసిన పట్టీ మాత్రం గ్రీజు మట్టి కింద ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది.

మరి మీటరు పెట్టి చూసినా దొరకదేం అంటారు. మీటరును ఎప్పుడు పెట్టారన్నది ముఖ్యం. బండి కదలకుండా ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు చూపిస్తే ఛార్జి నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగం ఉన్నట్టు. అంతవరకు సరే. కాని అదే స్థితిలో సెల్ఫ్ మోటారు దగ్గర పెట్టినా 12.6 చూపిస్తుంది, మధ్యలో అతుకు కుళ్లి ఉన్నా సరే. మీటరు తనకోసం లాగే కరెంటు లేశమంత. కరెంటు పారనప్పుడు అతుకులో వోల్టు నష్టం ఉండదు. నీళ్లు పారనప్పుడు కాలువలో ఎక్కడ పూడిందో తెలియనట్టే ఇది. కాబట్టి పరీక్ష బరువు మీద ఉన్నప్పుడే చేయాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను అందుకోకుండా డీజిల్ స్టాప్ నాబు లాగి ఉంచాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, రెండోది ఇంజను మీద రంగు లేని శుభ్రమైన ఇనుము మీద ఆనించి, ఇంకొకరిని పది సెకన్లకు మించకుండా తాళం తిప్పమనాలి. మీటరు 0.2, 0.3 వోల్టుల దగ్గర నిలిస్తే ఎర్త్ దారి బాగున్నట్టే. అర వోల్టు దాటితే దోషం ఆ దారిలోనే ఉంది. ఆపైన రెండో ముల్లును మెట్టు మెట్టుగా దగ్గరికి జరుపుతూ రావాలి. ముందు ఇంజను, తర్వాత చాసిస్, తర్వాత కేబులు చివర, తర్వాత క్లాంపు. ఏ మెట్టు దాటగానే అంకె ఒక్కసారిగా పడిపోయిందో అక్కడే అతుకు చెడింది. ప్లస్ వైపూ ఇదే పద్ధతి. ఈ పరీక్షకు కావలసిన మీటరు నాలుగైదు వందల రూపాయలకు దొరుకుతుంది.

మీటరు లేకపోయినా బండి కొన్ని సాక్ష్యాలు తానే ఇస్తుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా దాంతో పాటు మినుకుమనడం అందులో ఒకటి. హెడ్‌లైటు ఒకటి మసకగా, ఒకటి బాగా వెలగడం మరొకటి. ఆ లైటు డబ్బాకు బాడీతో ఉన్న ఎర్త్ పోతే కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దొంగదారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని రెండు దీపాలు జతగా ఆడతాయి. అప్పుడు బల్బులూ ఫ్లాషరూ మార్చి లాభం లేదు. లైటు డబ్బా స్క్రూ కింద చిటికెన వేలి గోరంత మేర ఎమరీ పేపరుతో రుద్ది బిగిస్తే చాలు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ‘సెల్ఫ్ మోటారు మార్పించాను, బండి బాగయింది. మరి చెడింది మోటారు కాదంటావేం?’ ఈ సాక్ష్యం పైకి బలంగా కనిపిస్తుంది కాని ఒక లొసుగుంది. మోటారు మార్చాలంటే బ్యాటరీ తీగ విప్పాలి, మోటారు మీది లావు కేబులు నట్టు విప్పాలి, మోటారును ఇంజనుకు పట్టించిన బోల్టులు విప్పాలి. విప్పేటప్పుడు తుప్పు పొరలు రాలతాయి. మళ్లీ బిగించేటప్పుడు లోహం లోహాన్ని గీసుకుని కొత్త పట్టు దొరుకుతుంది. అంటే సామాను మార్చిన ప్రతిసారీ దాని అతుకులన్నీ మనకు తెలియకుండానే బాగుపడతాయి. పేరు మాత్రం కొత్త సామానుకు వస్తుంది. పాత మోటారునే విప్పి, అతుకులు గీకి, మళ్లీ బిగించి చూడనంతవరకు ‘మోటారే చెడింది’ అన్నది రుజువు కాని మాట. వైద్యంలో మందు పని చేసిందో లేదో తేల్చడానికి ఉత్త మాత్రతో పోల్చి చూస్తారే, ఆ పోలికే ఇక్కడా కావాలి. పాతదాన్ని తిరిగి బిగించి చూడటమే ఆ ఉత్త మాత్ర. సొంత రిపేరులో విజ్ఞానం అంటూ ఉంటే అది ప్రధానంగా ఈ ఒక్క అలవాటులో ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ పరీక్షించాలి.

ఈ ప్రాంతపు వాతావరణం అతుకులకు అనుకూలమైనది కాదు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. వేడెక్కే కొద్దీ రాగి నిరోధం పెరుగుతుంది, 50 డిగ్రీల పెరుగుదలకు దాదాపు అయిదో వంతు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన బలహీనమైన అతుకు మధ్యాహ్నం ఇంజను కాగాక చేతులెత్తేస్తుంది. ‘చల్లారాక మళ్లీ తీసుకుంటుంది’ అన్న ఫిర్యాదు వెనక తరచుగా ఉండే కారణం ఇదే. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక ధూళి రేడియేటర్ రేకుల మధ్య దట్టంగా పేరుకుంటుంది. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు దుమ్ము తేమను పట్టి ఉంచి తుప్పుకు తోడ్పడుతుంది. దమ్ము చేసిన మళ్ల బురద చాసిస్ మూలల్లో ఎండి, లోపల మాత్రం తడిగానే ఉంటుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు కోదాడ వీధులు మునిగి కార్లు కొట్టుకుపోయిన సంగతి ఇక్కడివారు మరిచిపోలేదు. అలా నీట మునిగిన బండిలో ఇంజను బాగుపడ్డాక కూడా నెలల తరబడి ఒక్కో దీపం, ఒక్కో మీటరు పని మానేస్తూ పోతాయి. తీగల కొనల్లో నిలిచిన బురదనీరు రాగిని మెల్లగా పచ్చటి పొడిగా మార్చడమే అందుకు కారణం.

డీజిల్ దారిలోనూ కథ ఇదే, కాస్త మెలికతో. బండి నడుస్తూ నడుస్తూ గుటకలు మింగినట్టు ఆడి ఆగుతుంది, మళ్లీ పట్టదు. ‘ఎయిర్ పట్టింది’ అంటారు, పంపు మీది స్క్రూ వదులు చేసి గాలి తీస్తారు, నడుస్తుంది, రెండు రోజుల తర్వాత మళ్లీ అదే. గాలి తీయడం చికిత్స మాత్రమే, గాలి ఎక్కడినుంచి వచ్చిందన్నది రోగం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు పైపులో పీల్పు ఉంటుంది, అంటే బయటి గాలి కంటే ఒత్తిడి తక్కువ. అక్కడ అతుకు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎంత వెతికినా తడి కనబడదు. ఆ ముక్కలో తాత్కాలికంగా పారదర్శకమైన డీజిల్ పైపు వేసి ఇంజను నడిపిస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఇక దోషి చాలాసార్లు బోల్టు కింద నలిగి గట్టిపడిన రాగి వాషరే. రాగిని ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడి సందు మూసుకుంటుంది. అలా కాకపోతే కొత్త వాషరు కొన్ని రూపాయలే. దీన్ని వదిలేసి పంపు సర్వీసుకు పంపితే పోయేది వేలల్లో.

వేడెక్కే బండి విషయం కూడా ఇలాగే మూతతో మొదలుపెట్టాలి. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, స్ప్రింగుతో ఒత్తిడిని నిలిపే కవాటం. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపితే నీరు 110 డిగ్రీల దాకా మరగదు. దాని రబ్బరు ఎండి పగిలితే ఆ పది డిగ్రీల వెసులుబాటు పోయి, నీరు పొంగి, హెడ్ గాస్కెట్ పోయిందన్న అనుమానం వస్తుంది. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత తీయకూడదు, ముఖం కాలుతుంది. రెండో సంగతి నీరు. పాత నల్లగొండ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడు గురించి లోకమంతా విన్నది, గట్టిదనం గురించి విన్నవారు తక్కువ. బోరు నీటిలో కరిగిన సున్నం వేడెక్కిన చోటే పొరగా దిగుతుంది. ఆ పొర ఇనుమంత సులువుగా వేడిని దాటనివ్వదు. శుద్ధజలం, కూలెంట్ సమపాళ్లలో కలిపి పోయడం ఇక్కడ విలాసం కాదు.

టాపు దగ్గరికి వస్తే, గుడ్డ కంటే ముందు కుట్టు చస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దారపు పోగుల్లోని పొడవాటి అణు గొలుసులను తెంపుతాయి. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనె పదార్థాన్ని వేడి ఆవిరి చేస్తుంది, మడత పెట్టిన చోట అది చిట్లుతుంది. పాతకాలపు నూలు కాన్వాసుకు ఒక గుణముంది. తడిస్తే నూలు ఉబ్బి సూది రంధ్రాలు తానే మూసుకుంటుంది. పాలిస్టర్ దారం కుళ్లదు కాని అలా ఉబ్బదు. అందువల్ల దానితో కుట్టిన చోట లోపలివైపు మైనమో సీలెంటో రుద్దాలి. చిరిగిన చోట దగ్గరదగ్గరగా కుట్లు వేస్తే తపాలా బిళ్లల వరుసలా రంధ్రాల గీత ఏర్పడి అక్కడే మళ్లీ చిరుగుతుంది. వెడల్పు మాసిక వేసి కుట్లు దూరంగా వేయడం మేలు. తడి టాపును చుట్టిపెట్టకూడదు, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ కిటికీని తుడవకుండా మడవకూడదు.

‘ఇంజను అరగదా?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. అరుగుతుంది. చల్లటి ఇంజను స్టార్టవడం కష్టమై, ఆయిల్ తగ్గుతూ, బ్రీదర్ నుంచి పొగ గుప్పుమని, సైలెన్సర్ నీలంగా పొగ చిమ్మితే అది అతుకు మాట కాదు, రింగులూ బోరూ అరిగిన మాట. కాని అరుగుదల నెలల మీద మెల్లగా పెరుగుతుంది. నిన్న బాగా నడిచి ఇవాళ ఆగిపోయి, రేపు మళ్లీ తానే నడిచే లక్షణం అరిగిన ఇనుముకు ఉండదు, వదులైన అతుకుకు ఉంటుంది. పైగా నడవని బండీ చెడుతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకున్నది. 1911లో ఆయన కన్నుమూశాక వచ్చిన ఆ బండి నడిచింది బహు తక్కువ. అలాంటి బండిలో పిస్టన్లు అరగవు, అయినా రబ్బరూ తోలూ గాస్కెట్లూ కాలానికి ఎండక మానవు. వయసు ముందు అతుకుల మీదే పడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కోదాడ, సూర్యాపేటల్లో చేయి తిరిగిన మేస్త్రీలు ఉండగా యజమాని చేతులు మసి చేసుకోవడం ఎందుకన్నది మరో మాట. మేస్త్రీ చేతిపనికి ఇది పోటీ కాదు. వచ్చిపోయే లోపం షెడ్డులో కనబడదు. అది ఎండలో, వానలో, గతుకుల్లో, రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు కనబడుతుంది. ఆ సమయంలో బండి దగ్గర ఉండేది యజమానే. ‘స్టార్టవడం లేదు’ అని చెప్పడానికీ, ‘తిప్పేటప్పుడు చాసిస్‌కూ ఇంజనుకూ మధ్య వోల్టున్నర పోతోంది’ అని చెప్పడానికీ తేడా ఉంది. రెండో మాట విన్న మేస్త్రీ మోటారు విప్పడు. అయితే బ్రేకులూ స్టీరింగూ మాత్రం ఆయనకే వదలాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. అది ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకోవడం యజమాని పని, మార్చి గాలి తీయడం అనుభవమున్న చేతుల పని. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

కొత్త బండ్లకు ఈ లెక్క చెల్లదని కొందరంటారు. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా కొత్త థార్‌లో విప్పే గుడ్డ టాపుతో పాటు బోలెడు సెన్సర్లు, కంప్యూటర్లు ఉన్నాయి. సెన్సర్లు చాలావరకు 5 వోల్టుల మీద పనిచేస్తాయి. వాటి ఎర్త్‌లో పదో వంతు వోల్టు తేడా వచ్చినా కంప్యూటర్ తప్పు లెక్క వేస్తుంది. స్కానర్ ‘ఈ సెన్సర్ రీడింగు తప్పు’ అని చెబుతుందే గాని, తప్పు సెన్సర్‌దా దాని ప్లగ్గుదా అని చెప్పదు. అతుకు ప్రాముఖ్యం కొత్త బండ్లలో ఇంకా పెరిగింది.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన అయిదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. దీపాలు, ఇండికేటర్లు, హారన్, బ్రేకులు సరిగా ఉంటేనే ఫిట్‌నెస్. కాబట్టి ఈసారి తొలకరికి ముందు ఒక పూట కేటాయించండి. బ్యాటరీ మైనస్ క్లాంపు ముందు విప్పండి, ప్లస్ తర్వాత. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. గుబ్బల మీది తెల్లటి, నీలి పొడి మీద వంటసోడా కలిపిన నీళ్లు పోయండి, బుసబుస పొంగడం ఆగేదాకా. ఎర్త్ పట్టీ రెండు కొసలూ విప్పి, ఇనుము మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలిన్ పూయండి. తిరిగి కలిపేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఇంత చేశాక కూడా సెల్ఫ్ తిరగకపోతే, అప్పుడు మోటారు విప్పించండి.